మండె వేడి

మా ఇంట్లో మండె కట్టిన విత్తనం వేడి చూసేది మా అత్తగారు ఒక్కరే. నేను కోడలిగా వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. ఆ సంచిలో ఆవిడ చెయ్యి తప్ప మరొకరి చెయ్యి దూరగా నేను చూడలేదు.

మండె కట్టడమంటే పెద్ద విద్యేమీ కాదు. తొలకరి పంటకి, అంటే సార్వాకి, ఆకుమడిలో నారు కోసం చల్లబోయే వడ్లను గోనెసంచిలో పోసి ఒక రోజంతా నీళ్ళ తొట్టిలో నానబెడతాం. తర్వాత నీళ్ళు ఓడ్చి, సంచిని గడ్డి మీద పెట్టి, పైన తడి గోనెలు, వాటి మీద మళ్ళీ గడ్డి కప్పి రాళ్ళు బరువు పెడతాం. లోపల వడ్లు వాటంతట అవే వేడెక్కుతాయి. మర్నాటికో ఎల్లుండికో ముక్కు పగిలి తెల్లగా మొలక కనిపిస్తుంది. వేడి చాలకపోతే మొలక రాదు. ఎక్కువైతే విత్తనం సంచిలోనే ఉడికిపోతుంది. ఆ రెండింటికీ మధ్య ఎక్కడ ఆగాలో చెప్పడమే కష్టం.

అత్తయ్య సంచి మూతి సడలించి మోచేతి దాకా చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని చర్చిలో చెప్పే పరలోక ప్రార్థన చెప్పుకునేది. పైకి వినపడదు, పెదవులు కదులుతాయంతే. ఆమేన్ దాకా చెయ్యి ఓర్చుకోగలిగితే మండె సరిగ్గా ఉన్నట్టు. మధ్యలోనే తీసేయాల్సి వస్తే వేడి మించిందని, విప్పి నీళ్ళు చల్లాలని లెక్క. ఆమేన్ అన్నాక కూడా వెచ్చదనం తెలియకపోతే ఇంకో మోపు గడ్డి కప్పాలి. వాళ్ళ అమ్మ దగ్గర నేర్చుకుందట. వాళ్ళ ఇంట్లో గడియారం ఉండేది కాదు.

మా వీధిలో చర్చికి వెళ్ళేవాళ్ళే కాదు, కోరుకొండ గుడి తీర్థానికి వెళ్ళేవాళ్ళు కూడా మండె కట్టిన రోజున ఆవిడ కోసం మనిషిని పంపేవారు. ఆవిడ చెయ్యి పెట్టి, ప్రార్థన చెప్పి, ఒక మాట చెప్పి వచ్చేది. వాళ్ళు ఇచ్చే కాఫీ తాగడం తప్ప ఇంకేమీ ముట్టేది కాదు.

నాకు అక్షరాలు వచ్చింది నలభై ఆరో ఏట. మా ఊరి హైస్కూల్లో మధ్యాహ్నం భోజనం వండే పని నాది. వంట దించి, గిన్నెలు తోమాక ఒక గంట ఖాళీ దొరికేది. సైన్సు చెప్పే మేడమ్ ఒకావిడ ఆ గంటలో నాకు అ, ఆలు దిద్దబెట్టింది. నా కూతురి కంటే చిన్నది. తప్పు రాస్తే కోప్పడేది కాదు. నేను చెరిపి మళ్ళీ రాసేదాకా పక్కన కూర్చుని తన పేపర్లు దిద్దుకునేది. అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చాక ఆవిడే నాకు పిల్లల పాత పుస్తకాలు ఇచ్చింది. ఇప్పటి పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. నేను తెలుగు పేజీ మాత్రం చదివేదాన్ని. ఇంగ్లీషు పేజీలో బొమ్మలు చూసుకునేదాన్ని.

ఒకసారి ఆవిడ వంటగదికి వచ్చి, క్లాసులో చూపించడానికి ఒక ఉల్లిపాయ కావాలంది. కోసి తీసుకెళ్ళి ఇచ్చాను. ఉల్లిపొర ఒకటి గాజుపలక మీద పరిచి, ఎర్రటి మందు చుక్క వేసి, మైక్రోస్కోపు కింద పెట్టింది. పిల్లలందరూ చూసేశాక నన్నూ చూడమంది. రోజుకి ఎన్ని కిలోల ఉల్లిపాయలు కోస్తానో నాకే తెలియదు. దాని లోపల అలా ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు. అల్లిన చాపలాగా వరసగా గదులు, గదిగదికీ ఒక ఎర్రటి చుక్క. ఒక్కో గదినీ కణం అంటారని, చాలావాటి లోపల పని ఆగకుండా జరుగుతూనే ఉంటుందని చెప్పింది. కావలసినది పొర లోపలికి వస్తుంది, అక్కర్లేనిది బయటికి పోతుంది. లోపల తిండిని కాల్చి బలం తయారుచేసుకునే చిన్న చిన్న పొయ్యిల్లాంటివి ఉంటాయి. ఎదగాల్సిన చోట ఒక గది రెండు గదులవుతుంది. నిప్పు లేకుండా కాల్చడం ఎలాగండి అని అడిగాను. పిల్లలు నవ్వారు. మేడమ్ నవ్వలేదు.

"మీ ఒళ్ళు వెచ్చగా ఉంటుంది కదమ్మా. ఆ వేడి ఎక్కడిది?" అంది.

మొలకెత్తే గింజ కూడా అలాగే గాలి పీల్చుకుంటుందని, దానిలో దాచుకున్న పిండిని కాల్చుకుంటుందని తర్వాత పుస్తకంలో చదివాను. మండె వేడి అదేనని తెలిసి నాకు పట్టరాని సంతోషమైంది. ఇంటికి వచ్చి, చేటలో బియ్యం ఏరుతున్న అత్తయ్య పక్కన కూర్చుని అంతా చదివి వినిపించాను. నీళ్ళు లోపలికి దిగితే గింజలో నిద్రపోతున్న కణాలు లేస్తాయని, అవి ఊపిరి తీస్తేనే మండె వేడెక్కుతుందని, మొలక కొనలో ఒక కణం రెండు, రెండు నాలుగు అవుతాయని. ఆవిడ చెయ్యి ఆపకుండా విన్నది. గింజకి ప్రాణం ఉందని చెప్పడానికి ఇంత పుస్తకం కావాలా అని అడిగింది. అయినా మర్నాడు చర్చిలో తన పక్కన కూర్చున్నావిడకి, మా కోడలు సైన్సు చదువుతోంది అని చెప్పుకుందట.

ఆ ఏడు వేసవిలోనే నేను పట్టించుకోవలసినవి కొన్ని జరిగాయి. ఒకరోజు అత్తయ్య ఒక కాలికే చెప్పుతో ఇంటికి వచ్చింది. రెండోది దారిలో జారిపోయిన సంగతి ఆవిడకి తెలియలేదు. మేం నవ్వాం, ఆవిడా నవ్వింది. ఇంకోరోజు పొయ్యి మీంచి అప్పుడే దించిన టీగిన్నెని మసిగుడ్డ లేకుండా పట్టుకుని గ్లాసుల్లోకి వంచింది. నేను కేక వేస్తే, నీవి పువ్వుల్లాంటి చేతులే తల్లీ అని వెక్కిరించింది. ఆవిడకి షుగరు వచ్చి పదిహేనేళ్ళు. మాత్రలు వేసుకునేది, అప్పుడప్పుడు మానేసేది. ఆ రెండు సంగతుల్నీ షుగరుతో కలిపి చూడాలని నాకు తోచలేదు.

మేం కౌలుకి చేసే రెండెకరాలు కాలవ శివారులో, నీళ్ళు చిట్టచివర అందే చోట ఉన్నాయి. పైన కాలవ తలుపులుండే లాకుల దగ్గర నీళ్ళు వదిలినా, పైవాళ్ళ చేలు తడిసి మా దాకా వచ్చేసరికి వారం పది రోజులు పడుతుంది. అందుకని మాకు విత్తనం ఒక్కసారే కుదరాలి. అది పోయి, మళ్ళీ నానబెట్టి, మళ్ళీ మండె కట్టి, ఆకు పెంచేసరికి ఊడ్పుల అదను దాటిపోతుంది. మా ఆయన ఆ ఏడు ఒక కొత్త రకం వడ్లు తెచ్చాడు. ఉన్నది ఆ ఒక్క సంచే.

స్కూలు తెరిచిన కొత్తలో అది. మధ్యాహ్నం మూడింటికి నేను ఇంటికి వచ్చేసరికి అత్తయ్య పశువుల పాకలో మండె పక్కన గొంతుకూర్చుని, మోచేతి దాకా చెయ్యి పెట్టి ఉంది. పెదవులు కదులుతున్నాయి. నేను నిలబడిపోయాను. ప్రార్థన అయ్యాక నింపాదిగా చెయ్యి తీసుకుని, ఇంకా చల్లగానే ఉంది, గడ్డి కప్పు అంది. నేను ఇంకో మోపు గడ్డి కప్పాను. ఇంకో రాయి కూడా పెట్టమంటే పెట్టాను.

మర్నాడు తెల్లవారి లేచి పాక దగ్గరికి వెళితే, పులిసిపోయిన గంజి వాసన కొట్టింది. గడ్డి తీసి, తడి గోనె తీసి, సంచి మూతి విప్పి చెయ్యి పెట్టాను. ప్రార్థనలో రెండో మాట దాకా కూడా ఉంచలేకపోయాను. మా ఆయన్ని కేకేశాను. ఇద్దరం కలిసి సంచిని బయటికి లాగి బరకం పట్టా మీద కుమ్మరించాం. అంచుల్లో ఉన్న గింజలు బాగానే ఉన్నాయి. నడుమనున్నవి ముద్దగా అంటుకుపోయి, మొలకలు గోధుమరంగుకి తిరిగాయి. మా ఆయన నీళ్ళకి పరిగెత్తాడు.

అలికిడికి అత్తయ్య వచ్చింది. కుప్ప చుట్టూ తిరిగి చూసింది. తర్వాత విత్తనం మంచిది కాదంది. నిన్న వేడే లేదు, తెల్లవారేసరికి ఇంత ఎలా ఎక్కుతుంది, ఈ కొత్తరకంలోనే ఏదో ఉందంది. మా ఆయన బిందెతో వస్తూ, అవునమ్మా, నాకూ అనుమానంగానే ఉంది అన్నాడు. కొడుకు మాట విని ఆవిడకి ధైర్యం వచ్చింది.

"ఇప్పుడు మాత్రం వేడి ఎక్కడుందిరా? వాసనే గాని," అంటూ వంగి, ఇంకా పరచని కుప్ప నడుములోకి చెయ్యి దూర్చింది.

దూర్చి, మాకేసి చూస్తూ అలాగే ఉంచింది. ఆ కుప్ప నడుమ వేడి ఎంతో నా వేళ్ళకి అప్పుడే తెలిసింది. ఆవిడ ముఖంలో ఏమీ మార్పు లేదు. వద్దని నేను మణికట్టు పట్టుకుని లాగాను. చెయ్యి బయటికి వచ్చేసరికి మోచేతి దాకా కందిపోయి ఉంది. ఆవిడ దాని వంక చూడలేదు. నేను చూశాను. పాడైంది విత్తనం కాదని ఆ నిమిషాన నాకు అర్థమైంది.

కొడుకు ముందు ఆవిడని తప్పుపట్టడం ఇష్టం లేక ఆ మాట అప్పుడు బయటపెట్టలేదు. కానీ ఎంతోసేపు దాచడానికీ వీల్లేదు. మూడిళ్ళ అవతల రైతుగారి భార్య ముందురోజే వచ్చి, మాదీ నానబెట్టామండి మామ్మగారూ, ఎల్లుండి పొద్దున్న ఓసారి వచ్చి చూడాలి అని చెప్పి వెళ్ళింది. వాళ్ళది ఐదెకరాల విత్తనం. అత్తయ్య వెళ్ళి ఇంకా చల్లగానే ఉంది అంటే వాళ్ళు మారుమాట లేకుండా గడ్డి కప్పేస్తారు.

ఆ రోజు స్కూల్లో వంట పని అయ్యాక మేడమ్ దగ్గరికి వెళ్ళాను. అక్షరాల గంట అనుకుని పలక తీయబోయింది. జరిగింది చెప్పాను. ఆవిడ ఒక కాగితం మీద బొమ్మ గీసింది. మనకి స్పర్శ తెలిపే కణం ఉల్లిపొరలో గదిలాగా ఉండదట. దాని మూలం వెన్నెముక పక్కన ఉంటుంది, అక్కడి నుంచి దారంలాగా సాగి వేలికొన దాకా వస్తుంది. అంత పొడుగూ ఒక్కటే కణం. దానికి కావలసిన సరుకు చాలావరకు మూలం దగ్గరే తయారై, ఆ దారం లోపల కాలవలో పడవ నడిచినట్టు చివరిదాకా నడవాలి. షుగరు ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే ఆ కణానికి బలం చాలదు, రవాణా మందగిస్తుంది, ముందు కొనలు పాడవుతాయి అని చెప్పింది. పొడుగు దారాలు ముందు దెబ్బతింటాయి గనుక మొదట పాదాలు, తర్వాత చేతులు. నాకు చెప్పు జారిపోయిన రోజు గుర్తొచ్చింది.

మొలకలో లాగా కొత్త కణాలు పుట్టవా అని అడిగాను. మొలక కొనలో ఉన్నవి విడిపోవడానికే ఉన్నాయమ్మా, నరాల కణాలు ఒకసారి పెరిగాక మళ్ళీ రెండవ్వవు అంది. షుగరు అదుపులో పెడితే ఇంకా పాడవకుండా ఆపవచ్చని, ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించమని, ముఖ్యంగా ఆవిడకి చెప్పమని అంది. తెలియకపోతే రేపు పొయ్యి దగ్గర ఇంతకంటే పెద్ద దెబ్బ తగలవచ్చు అంది.

ఇంటికి నడుస్తూ మాటలు కూర్చుకున్నాను. ఎలా మొదలుపెట్టినా ఆవిడ మీద నేరం మోపినట్టే ఉంది. ఈ ఊళ్ళో ఆవిడకి పొలం లేదు, పుట్టిల్లు లేదు, చదువు లేదు. విత్తనాల వేళ నలుగురూ పిలిచే చెయ్యి ఉంది. దాన్ని నేను నా కొత్త చదువుతో తీసేసుకుంటున్నట్టు అనిపించింది.

ఆవిడ అరుగు మీద కూర్చుని ఉంది. మోచేతి దగ్గర రెండు బొబ్బలు లేచాయి. నేను చల్లటి నీళ్ళతో కడిగి మందు రాస్తుంటే, ఇదేంటి, గొంగళిపురుగు పాకిందా అని అడిగింది.

"పొద్దున్న మండెలో కాలిందండి అత్తయ్యా."

"కాలితే నాకు తెలీదా?"

"అదేనండి. మీకు తెలియలేదు."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. మందు రాసిన చెయ్యిని రెండో చేత్తో తడిమింది. గోటితో గిల్లింది. ఇంకొంచెం గట్టిగా గిల్లబోతే నేను ఆపాను.

"నీ పుస్తకంలో రాశారా ఇది?" అంది.

పుస్తకంలో లేదని, మేడమ్ గారు చెప్పారని అన్నాను. బొమ్మ గీసిన కాగితం తీసి పరిచాను. లాకులు, కాలవ, మా చేను అని చూపించుకుంటూ, మూలం దగ్గర నుంచి సరుకు ఎలా రావాలో, ఎక్కడ మందగిస్తుందో నాకు అర్థమైనట్టు చెప్పాను. ఆవిడ కాగితం మీద వేలు పెట్టి కాలవ చివరిదాకా లాగింది.

"అయితే నా వేళ్ళు శివారన్నమాట," అంది. "నీళ్ళు మళ్ళీ వదుల్తారా?"

వదుల్తారని అనాలని నా నోటిదాకా వచ్చింది. ఇంకా పాడవకుండా చూసుకోవచ్చట, పోయింది వస్తుందో రాదో డాక్టరు గారే చెప్పాలండి అన్నాను. ఆవిడ ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది. మొన్న చలికాలం దాళ్వా పంటకి ఎవరెవరి మండెలు చూసిందో లెక్క.

"రైతుగారి ఆకు దాళ్వాలో పల్చగా లేచింది. చలికి అనుకున్నాం అందరం. నా చెయ్యేనా అది?"

నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. ఆ రోజు ఆవిడ అన్నం సగమే తిన్నది. మా ఆయనకి కూడా ఆవిడే చెప్పింది, విత్తనం మంచిదేరా, నేనే చెడగొట్టాను అని. ఆయన మిగిలిన గింజల్ని తడిపిన గుడ్డ మీద పరుస్తూ కూర్చున్నాడు. సగం పైన బతికాయి. వాటినే పల్చగా చల్లి, చాలకపోతే ఎవరి మడిలోనైనా మిగిలిన ఆకు అడిగి తెచ్చుకుందాం అన్నాడు.

మర్నాడు పొద్దున్నే రైతుగారి భార్య వచ్చింది. నేను స్కూలుకి బయల్దేరుతున్నాను. అత్తయ్య వెళ్ళదనే అనుకున్నాను. తల దువ్వుకుని, చీర సర్దుకుని, నువ్వూ రా అంది నాతో.

వాళ్ళ పాకలో మండె విప్పే ముందే నిలబడి చెప్పేసింది.

"అమ్మా, నా చేతికి స్పర్శ పోయింది. మీ సంచి మండిపోతున్నా నాకు తెలీదు. దాళ్వాలో కూడా తెలీకే చెప్పానేమో. మా కోడలు చూస్తుంది."

రైతుగారి భార్య నా వైపు చూసింది, అత్తయ్య వైపు చూసింది. అదేంటి మామ్మగారూ, మీ ప్రార్థన పడకపోతే మా మండె తెమలదు అంది నవ్వు తెచ్చుకుని. ప్రార్థన ఎక్కడికీ పోలేదు, నేనే చెబుతాను అంది అత్తయ్య.

నేను చెయ్యి పెట్టాను. ఆవిడ పైకి చెప్పడం మొదలుపెట్టింది. అంత నెమ్మదిగా ఆ ప్రార్థన చెప్పడం చర్చిలో కూడా వినలేదు. సగంలో నేను చెయ్యి తీసేశాను. అప్పుడే తీశావేం అంది. కాలుతోందన్నాను. నీకు టీగ్లాసు కూడా కాలుతుంది, నీ చెయ్యి నమ్మి ఐదెకరాల విత్తనం ఎలా విప్పమంటాను అంది. మీరు సాగదీస్తే ఎవరి చెయ్యి ఆగుతుందండి అన్నాను నేను. రైతుగారి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అత్తయ్య కాసేపు సంచి వంక చూసింది. తర్వాత గొంతుకూర్చుంది, అది చాలక మోకాళ్ళ మీద వాలింది. సంచి మూతి బాగా విప్పి, పై గింజల్ని రెండు చేతులతో పక్కకి తోసి గుంట చేసింది. వంగి, ఆ గుంటలో చెంప ఆనించింది.

నాకు మేడమ్ గీసిన బొమ్మ కళ్ళ ముందు కదిలింది. పాదాలకి, వేళ్ళకి వెళ్ళే దారాలు పొడుగు. ముఖానివి పొట్టివి, లాకుల పక్కనే ఉన్న పొలాల్లాంటివి. అక్కడికి సరుకు ఇంకా అందుతూనే ఉండి ఉండాలి. ఆవిడకి ఇది ఎవరూ చెప్పలేదు. కాగితంలో ముఖం బొమ్మ లేదు.

ఈసారి పెదవులు మాత్రమే కదిలాయి. సంచిలో నుంచి ఆవిరి ఆవిడ నెరిసిన జుట్టులోకి పాకుతోంది. సగం ప్రార్థన కూడా అయి ఉండదు. ఉలిక్కిపడి తల ఎత్తింది. చెంప ఎర్రబడింది. ముక్కు పగిలిన వడ్లగింజలు నాలుగైదు దానికి అంటుకున్నాయి.

"కాలుతోంది," అంది. ఆ మాట చెబుతుంటే ఆవిడ ముఖం వెలిగింది. "అమ్మాయ్, కాలుతోంది. విప్పండి. బాగా నీళ్ళు చల్లి, తిరగేసి, మళ్ళీ కట్టండి."

రైతుగారి భార్య బిందె కోసం పరిగెత్తింది. నేను సంచి రెండో కొస పట్టుకున్నాను. గింజలు పరచగానే పచ్చి వాసన వచ్చింది, పులుపు లేదు. అన్నీ తెల్లగానే ఉన్నాయి.

అత్తయ్య చెంప తుడుచుకోకుండానే, ఈ వీధిలో ఇంకా ఎవరెవరు మండె కట్టారని అడిగింది. ఇంకా రెండిళ్ళు ఉన్నాయన్నారు. వాళ్ళకీ నా చెయ్యి సంగతి చెప్పాలి, పద అని నన్ను లేవదీసింది. ఆ రోజు స్కూల్లో పప్పు ఆలస్యంగా ఉడికింది.